అన్నిటికీ ఓనరే దొరికాడా?

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇప్పుడే ఒక పెద్దాయన మెసేజ్ పెట్టారు: "అద్దెకు ఆశపడి ఎవరికి పడితే వాళ్లకి ఇల్లిస్తే ఇలాగే ఉంటుంది." కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా ఫ్లాట్‌లో ఉన్న కుర్రాళ్ల దగ్గర గంజాయి దొరికిన మాట నిజమే. పోలీసులకు చెప్పిందెవరు? నేనే. గీజర్ పాడైందంటే మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. పడకగది తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి ఉంది. వంటగట్టు మీద అరచేతిలో పట్టేంత డిజిటల్ కాటా, పక్కనే చిన్న చిన్న జిప్ కవర్ల కట్ట. ఒక్క గిన్నె లేదు. ఇంటికొచ్చాక చేతులు వణికాయి.

వణకవా మరి? మత్తుమందుల నేరాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 తీసి చూడండి. తెలిసీ ఇంటిని ఇలాంటి పనికి వాడుకోనిస్తే, ఆ నేరానికి ఏ శిక్షో ఇంటి ఓనర్‌కూ అదే శిక్ష. సెక్షన్ 25. నాకు తెలియదంటే సరిపోతుందనుకుంటారేమో, సెక్షన్ 35 కూడా చదవండి. తెలిసే చేశారని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే. అందుకే ఆ రోజే ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకున్నాను. మీరూ అదే చేయండి. పేరు బయటపడుతుందని భయమైతే మత్తుమందుల జాతీయ హెల్ప్‌లైన్ 1933కి ఫోన్ చేయండి, పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వొచ్చు.

పోనీ వాళ్లని అప్పుడే బయటికి పంపలేకపోయావా అంటున్నారు. ఎలా పంపను? నా ఇల్లే అయినా తాళం మార్చకూడదు, కరెంటు, నీళ్లు ఆపకూడదు. వాళ్లంతట వాళ్లు కదలకపోతే కోర్టుకెళ్లాలి, ఏళ్లు పడుతుంది. బాధ్యతంతా నాది, అధికారం మాత్రం సున్నా!

ఇప్పుడు మూడో అంతస్తువాళ్లు చెబుతున్నారు, అర్ధరాత్రి ఎవరెవరో బైకుల మీద వచ్చి రెండు నిమిషాల్లో వెళ్లిపోయేవాళ్లట. చూసినప్పుడు నాకొక ఫోన్ చేస్తే ఏం పోయింది? సెల్లార్ కెమెరా పనిచేయడం లేదని మీటింగ్‌లో మొత్తుకుంటే పట్టించుకున్నవాళ్లు లేరు. మెయింటెనెన్స్ మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టాలి.

అసలు నా కడుపుమంట ఇది కాదు. ఇదే ఫ్లాట్‌లో అంతకుముందు ఒక నర్సు అమ్మాయి ఉండేది. నైట్ డ్యూటీలు. ఏ రాత్రి ఎన్నింటికి వచ్చింది, ఎవరు దింపారు, అన్నీ ఈ అసోసియేషన్‌కు కంఠతా వచ్చు. "ఫ్యామిలీలుండే చోటండీ" అని నా మీద ఒత్తిడి తెచ్చి, ఆ పిల్ల ఏడుస్తూ సామాను సర్దుకునేదాకా ఊరుకోలేదు. ఒంటరి ఆడపిల్ల రాకపోకల మీద అంత నిఘా పెట్టిన కళ్లకు ఈ బైకులు కనపడలేదా?

ఆదివారం మీటింగ్‌లో బ్యాచిలర్లకు ఇల్లివ్వొద్దని తీర్మానం చేస్తారట. నేను సంతకం పెట్టను. ముందు సెల్లార్ కెమెరా బాగుచేయించండి, గేటు దగ్గర రిజిస్టర్ పెట్టించండి. నా ఇల్లు ఎవరికివ్వాలో తర్వాత మాట్లాడదాం.