జీతం మొత్తం

బాబాయి ఇరిగేషన్‌లో రిటైరయ్యాడు. గురునానక్ కాలనీలో ఒక ఫంక్షన్ హాలు, పై అంతస్తు మాది. శాలువాలు, దండలు, మామూలే. "నువ్వు బాగా మాట్లాడతావు, రెండు ముక్కలు చెప్పు" అని నా చేతికి కార్డ్‌లెస్ మైకు ఇచ్చారు. ఆ మైకు పెట్టిన సౌండ్ సిస్టమ్ అబ్బాయి మీద నిన్నటి నుంచి నాకున్న ప్రేమ ఇంతా అంతా కాదు.

గొంతు సవరించుకుని, "మా బాబాయి సర్వీసు మొత్తంలో ఏ కాంట్రాక్టరు దగ్గరా చెయ్యి చాచి తీసుకున్నది..." అన్నాను. 'ఒక్క పైసా లేదు' అని కూడా అన్నాను, దేవుడి తోడు. స్పీకర్లలోంచి మాత్రం, "పది వేల నూట పదహార్లు! ఉయ్యూరు మేనమామ గారు!" అని వచ్చింది.

కింది హాల్లో ఓణీల ఫంక్షన్. చదివింపులు నడుస్తున్నాయి.

ముందు వరసంతా బాబాయితో పనిచేసిన ఇంజినీర్లే. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకొకాయన పక్కాయన చెవిలో ఏదో ఊదాడు, బహుశా రేటు మరీ తక్కువని. నేను తమాయించుకుని, "ఉద్యోగంలో చేరిన రోజున ఆయన చేతిలో ఉన్నదల్లా..." అన్నాను.

"వెండి చెంబు, రెండు పట్టుచీరలు!"

బాబాయి శాలువా సర్దుకోవడం మానేశాడు.

సౌండ్ అబ్బాయి మూల నుంచి కేకేశాడు: "సార్, మైకు నోటికి దగ్గరగా పెట్టుకోండి." పెట్టుకున్నాను. ఇంకా దగ్గరగా అన్నాడు. ఇక మింగడమే తరువాయి. వైరున్న మైకు లేదా అంటే, "ఇప్పుడవి ఎవరు వాడుతున్నారు సార్" అని జాలిగా చూశాడు. చివరికి, "ఒకటో తారీఖున జీతం మొత్తం తెచ్చి చేతిలో పెట్టేవాడు" అన్న ముక్క ఒక్కటి ఖంగుమంది. అదే చాలనుకుని దిగిపోయాను.

ఈసీఈ చదువుతున్న మేనల్లుడు పెరుగన్నం దగ్గర గుట్టు విప్పాడు. రెండు హాళ్ళకీ ఆ అబ్బాయే. ఫ్రీక్వెన్సీ మార్చే వీల్లేని సెట్లు, రెండూ ఒకే మోడల్. వెనక స్టిక్కర్ల మీద ఒకే అంకె. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు సిగ్నళ్ళు తగిలితే ఎఫ్‌ఎం రిసీవర్ బలమైనదాన్ని పట్టుకుని రెండోదాని పీక నొక్కేస్తుందట. క్యాప్చర్ ఎఫెక్ట్ అట. మా రిసీవర్‌ని స్టేజీకి దూరంగా మెట్ల దగ్గర పెట్టాడు. సరిగ్గా దాని కిందే చదివింపుల టేబులు. కింద ఆయన పుస్తకం చూసుకోవడానికి మైకు ఆపినప్పుడే నా వంతు. మైకు నోటికి ఆనిస్తే పెరిగేది నా గొంతే గానీ సిగ్నల్ కాదట.

"గన్నవరంలో దిగే విమానాల పైలట్లు ఇప్పటికీ ఎఫ్‌ఎంలో కాదు, పాత ఏఎం రేడియో పద్ధతిలోనే మాట్లాడతారు మావయ్యా. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమంటుంది, ఎవరో అడ్డొచ్చారని టవర్‌కి తెలిసిపోతుంది."

నాకు ఆ కీచుమనే భాగ్యం కూడా లేకపోయింది.

ఇంతలో కింది నుంచి ఒక పెద్దాయన చదివింపుల పుస్తకం పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చాడు. "ఇందాక మా స్పీకర్లలో 'జీతం మొత్తం' అని వినిపించిందండీ. ఎవరి పేరు మీద రాయమంటారు?"