మహారాజశ్రీ క్రిస్మస్ ట్రీ గారికి

మహారాజశ్రీ క్రిస్మస్ ట్రీ గారి సముఖమునకు, విజయవాడ నుంచి తమ యజమానినని చెప్పుకునే నేను నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే తమరి కింది కొమ్మలు ఎండిపోయాయి, నా నడుము పట్టేసింది. కాబట్టి నేరుగా విషయానికే వస్తాను.

2008లో రాజమండ్రిలో పెళ్లి చూసుకుని వస్తూ కడియపులంకలో కారు ఆపించడం నా తప్పే. మా ఆవిడ కనకాంబరం మొక్కల కోసం దిగింది. నా కళ్లు తమరి మీద పడ్డాయి. రెండడుగుల ఎత్తు, నడుమ ఒకే కాడ, వరసకు ఐదేసి కొమ్మలు, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు. స్కేలు పెట్టి గీసినా అంత తీరుగా రాదు.

"పూస్తుందా?" అని అడిగింది మా ఆవిడ.

"పూయదండి."

"కాస్తుందా?"

"కాయదండి. షో మొక్కండి. ఇంట్లో పెట్టుకునేదండి."

ఎంత పెరుగుతుంది అని అడగాలని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పసిఫిక్ దీవుల్లోని తమ సొంత గడ్డ మీద తమవాళ్లు 60 మీటర్ల దాకా పోతారని చాలా ఆలస్యంగా తెలిసింది. మా హాలు పైకప్పు పదడుగులు.

పువ్వు విషయంలో తమరిని అనలేను. తమది పువ్వు లేకుండానే గింజ కట్టే వివృతబీజాల వంశం, భూమ్మీద పూలనేవి పుట్టకముందు నుంచీ ఉన్న పెద్దింటివాళ్లు. కానీ పూజకు పువ్వు, పులుసులోకి కాయ, పోపులోకి ఆకు, వీటిలో ఏదీ ఇవ్వకుండా మా ఇంట్లో మకాం వేసిన చెట్టు తమరొక్కరే. కరివేపాకు చెట్టు ఇప్పటికీ తమరిని అదోలా చూస్తుంది.

మొదటి ఏడాది టీవీ పక్కన, ఏసీ కింద నిలబెట్టాం. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. తమరికి కావాల్సింది వెలుతురనీ, ఆ పొడి చల్లగాలి పడదనీ మాకేం తెలుసు? మే నెలలో కింది వరస కొమ్మలు గోధుమరంగుకు తిరిగి, తుడుపుకర్ర తగలగానే రాలిపోయాయి. వానలు పడితే చిగురిస్తాయిలే అనుకున్నాను. మునక్కొమ్మ నరికితే నాలుగు పిలకలు వేస్తుంది. గోరింటాకు ఎంత దూసినా నెల తిరక్కుండా మళ్లీ గుబురుగా వస్తుంది. నాకొచ్చిన తోటపని ఇదే: నరకడం, నీళ్లు పోయడం, ఎదురుచూడటం. తమరు మాత్రం ఒకసారి కొమ్మ వదిలిన చోట మళ్లీ కొమ్మ వేయరట. ఆ చోటు ఇప్పటికీ బోడిగానే ఉంది.

రెండేళ్ల తర్వాత ప్రహరీ పక్కన నేలలో నాటాను. మాది నల్లరేగడి. జూలైలో నీళ్లు నిలిచాయి, తమరు మొహం మాడ్చారు. ఇసుక, ఎర్రమట్టి తెప్పించి దిబ్బలా ఎత్తు చేశాక గానీ కుదురుకోలేదు. తమరి జబ్బుల్లో నాకు నచ్చని విషయం ఏమిటంటే, అన్నిటికీ ఒకటే లక్షణం. నీళ్లు తక్కువైతే గోధుమరంగు. ఎక్కువై వేరు కుళ్లితే గోధుమరంగు. నీడలో ఉంచితే అంతే, నీడలోంచి తీసి ఒక్కసారిగా ఎండలో పెట్టినా అంతే. మా మామగారు అలిగినప్పుడు ఇలాగే ఉండేది. కాఫీలో పంచదార తక్కువైనా, పేపరు ఆలస్యమైనా ఒకటే మొహం, కారణం మనమే కనిపెట్టుకోవాలి.

ఒక ఏప్రిల్‌లో ఆ కారణం కోసం పిల్లాడి నోట్‌బుక్కులోంచి తెల్లకాగితం చింపి, కొమ్మ కింద పట్టి రెండుసార్లు తట్టాను. దుమ్ము రాలింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆ దుమ్ము నడుస్తోంది! వేలితో రాస్తే కాగితం మీద ఎర్రటి గీత పడింది. ఎర్రనల్లి. ఎండ, పొడిగాలి ఉంటే వాటికి పండగ. ఇక రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని, కొమ్మల అడుగుభాగం తడిసేలా నీళ్లు కొట్టడమే నా డ్యూటీ. ఇంట్లో మనుషులం అరబకెట్టుతో స్నానాలు కానిచ్చిన ఆ వేసవిలో తమరికి షవరు.

అంత సేవ చేశాక తమరి సంతానం ఒకటి ఉండాలని ఆశపడటం తప్పా? పక్కకొమ్మ ఒకటి కోసి, కుండీలో గుచ్చి, వేరు వేయించి, మా బావమరిదికి కానుకగా ఇచ్చాను. అది బతికింది. కానీ పైకి పెరగడానికి బదులు పక్కకు పెరిగింది. పక్కకొమ్మగా పుట్టింది గనక జన్మంతా పక్కకే పెరుగుతుందట. నిటారు చెట్టు కావాలంటే తలనే కోసి నాటాలట. మూడేళ్లుగా అది మా బావమరిది బాల్కనీలో శేషశాయిలా పడుకుని ఉంది. ఆయన నాతో ముభావంగా ఉంటున్నాడు.

తమరు మేడ దాటాక దక్షిణానికి వాలడం మొదలుపెట్టారు. కర్ర పాతి తాడు కట్టాం. తాడు తెగింది, వాలు తగ్గలేదు. వాస్తు చూసే ఆయన్ను పిలిస్తే, దక్షిణాన ఎత్తైన చెట్టు మంచిదే గానీ యముడికి వంగి దండం పెట్టకూడదని చెప్పి, ఫీజు తీసుకుని వెళ్లాడు. తీరా చూస్తే ఇది తమరి వంశాచారం. క్రిస్మస్ ట్రీ అనీ, నార్‌ఫోక్ ద్వీపం పైన్ అనీ ఇక్కడ అమ్మేవాటిలో చాలావాటి అసలు గోత్రం న్యూ కాలెడోనియా కుక్ పైన్. ఐదు ఖండాల్లో 18 చోట్ల 256 కుక్ పైన్లను కొలిచిన శాస్త్రవేత్తలు 2017లో తేల్చారు: భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవి దక్షిణానికి, దక్షిణాన ఉన్నవి ఉత్తరానికి వాలతాయి, సగటున 8 డిగ్రీల పైనే. అంటే తమరు మా గుమ్మం ఎక్కిందే మారుపేరుతో అన్నమాట. 1774లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ నార్‌ఫోక్ ద్వీపంలోని తమరి దాయాదులను చూసి, ఓడల తెరచాప కొయ్యలకు భలే ఉంటాయని మురిసిపోయాడు. తర్వాత నరికి చూస్తే కలపకు అంత సత్తా లేదు. ఆయన్ను తలుచుకుంటే నాకు కాస్త ఊరట.

దక్షిణాన యముడు ఉన్నాడో లేడో గానీ, కరెంటు తీగలు మాత్రం ఉన్నాయి. పోయినేడు రంపంతో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. తల కొట్టొద్దని బతిమాలాను. "చెట్టన్నాక మళ్లీ రాదా సార్?" అన్నారు. నిజమే, వచ్చింది. ఒక తల పోయిన చోట మూడు తలలు లేచాయి. ఆస్తి వాటాలు తేలని ముగ్గురన్నదమ్ముల్లా ఏదీ ఇంకోదానికి దారి ఇవ్వడం లేదు. తమరిని చూసి నేను ముచ్చటపడిన ఆ తీరు ఇప్పుడు మా ఆల్బమ్‌లోనే ఉంది, పిల్లాడి ఐదో పుట్టినరోజు ఫోటోలో, కేకు వెనకాల.

ఇట్లు,
తమరి పైపు పట్టేవాడు

తా.క.: ఎదురింట్లో కొత్తగా దిగినాయన నిన్న గేటు దగ్గర ఆగి, "భలే చెట్టండీ, ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. ఆయన రోజూ పొద్దున్నే ఏదో ఒక వంకతో మా ఆవిడతో దెబ్బలాడే మనిషి. కడియపులంక దారి చెప్పాను. జోడీగా పెట్టుకుంటే శుభమని కూడా చెప్పాను.