వీక్లీ డౌన్‌లోడ్స్ గారికి ఒక డేట్ పికర్ రాసినోడి విన్నపం

మహారాజశ్రీ వీక్లీ డౌన్‌లోడ్స్ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఈ వారం కూడా పెరిగారని డాష్‌బోర్డులో పచ్చ బాణం చూసి తెలిసింది, చాలా సంతోషం.

నేనెవరో మీకు గుర్తుండదు లెండి. మా ఆఫీసులో అన్ని టీములూ వాడుకోడానికని డేట్ పికర్, అంటే యాప్‌లో తేదీ ఎంచుకునే క్యాలెండర్ ముక్క, రాసినోణ్ణి. అది బాగా పనిచేస్తోందా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు, వారానికి ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో, అంటే మీరెంతున్నారనే అడుగుతారు.

మీ గుట్టు తెలియక కాదు. ఇలాంటి కోడ్ ప్యాకేజీలు దింపుకునే ఎన్‌పీఎం వాళ్లే 2014లో చెప్పేశారు కదా, ఈ లెక్కలో మనుషులే కాదు కోడ్ నుంచి యాప్ తయారుచేసే బిల్డ్ సర్వర్లు, కాపీలు దాచుకునే మిర్రర్లు, బాట్లు కూడా ఉంటాయని. గుడి బయట చెప్పులు లెక్కపెట్టి లోపల భక్తి ఎంతుందో చెప్పడం లాంటిది. తేదీల లెక్కలకు వాడే మొమెంట్ జేఎస్ అనే ప్యాకేజీ చూడండి, కొత్త ప్రాజెక్టుల్లో వాడొద్దని 2020లో రాసినవాళ్లే చెప్పారు, అయినా వారానికి మిలియన్లలో దిగుతూనే ఉంది.

మా దగ్గర ఎవడైనా ఒక కామా మార్చి పుష్ చేసినా కొత్త కంటైనర్ (ఖాళీ కంప్యూటర్ లాంటిది) లేచి అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటుంది, మీకు ఒకటి కలుస్తుంది. బిల్డులు లేటవుతున్నాయని ఒక శుక్రవారం నేను క్యాష్ (ఒకసారి దిగినదాన్ని దాచుకుని మళ్లీ వాడటం) ఆన్ చేశా. సోమవారానికి మీరు ఢమాల్. మేనేజర్ గారు పరిగెత్తుకొచ్చి "అడాప్షన్ పడిపోయిందేంటయ్యా, ఎవరు మానేశారు?" అన్నారు. ఎవరూ మానలేదు సార్, క్యాష్ పెట్టా అన్నా. కాసేపు ఆలోచించి, "క్వార్టర్ అయ్యేదాకా తీసెయ్" అన్నారు.

ఇంతలో తెనాలిలో మా అమ్మ స్కానింగ్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుందామని మా యాపే తెరిచింది. తేదీ మీద నొక్కింది, రాలేదు. నా పికర్ తెరుచుకునేటప్పుడు పన్నెండు నెలలూ ఒకేసారి గీస్తుంది (రాసింది నేనే, సిగ్గే), పాత ఫోన్ అది గీసుకుంటూ కూర్చుంటే అమ్మ మళ్లీ నొక్కింది, తీరా క్యాలెండర్ తెరుచుకోగానే ఆ రెండో నొక్కు తగిలి మూసుకుపోయింది. "గోడ మీదున్న క్యాలెండరే నయం రా, చూస్తే కనపడుద్ది" అంది.

నొక్కాక స్క్రీన్ కదలడానికి ఎంతసేపు పట్టిందో కొలిచే ఐఎన్‌పీ అనే లెక్క ఒకటుంది, 200 మిల్లీసెకన్ల లోపుంటే బాగున్నట్టు, 2024 మార్చిలో గూగుల్ వెబ్ పేజీలకు మార్కులేసే కోర్ వెబ్ వైటల్స్‌లో కూడా పెట్టింది. కానీ అది పేజీ మొత్తానికి వచ్చే మార్కు. పేజీ యాప్ టీముది, పికర్ నాది, లేటు ఎవరిదంటే అందరూ సీలింగ్ వైపు చూస్తారు. అందుకని పికర్‌లోనే రెండు లైన్లు పెట్టి, తెరుచుకోడానికి పట్టిన టైము వెర్షన్ నంబర్‌తో సహా పంపించేలా చేశా. మీ పక్కన ఆ గ్రాఫ్ పెట్టమంటే "ఎర్రగా ఉంది, రివ్యూకి ముందు ఎందుకులే" అన్నారు.

సరే, గురువారం అప్రైజల్. టెస్టులన్నీ పాసైనా బిల్డు నడిపే పైప్‌లైన్ ఇంకో నాలుగుసార్లు రన్ చేస్తున్నా, క్యాష్ లేకుండానే, దయచేసి పెరగగలరు.

ఇట్లు,
తమ విధేయుడు