పిల్లి గారి వెరిఫికేషన్

బెంగళూరులో ఒక మనిషిని నమ్మాలంటే ఏమేం కావాలో నాకు కంఠతా వచ్చు. ఆధార్ జిరాక్స్, ఆఫీసు ఐడీ కార్డు, మూడు నెలల పే స్లిప్పులు, ఏం తింటారు ఏం తినరు అన్న విచారణ, ఆపైన అడ్వాన్సు. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, ఇప్పుడు గట్టిగా బేరమాడితే ఐదారుకు దిగుతున్నారు. మారతహళ్లి వెనక సందులో ఇల్లు దొరికినప్పుడు ఇవన్నీ ఒక్క పూటలో సమర్పించుకున్నాను. సాయంత్రానికి తాళాలు చేతిలో పడ్డాయి. ఓనరు గారికి నా మీద నమ్మకం కుదరడానికి పట్టిన సమయం 4 గంటలు.

అదే ఇంటి కాంపౌండు గోడ మీద కాపురముండే బూడిదరంగు చారల పిల్లికి 7 నెలలు పట్టింది. అది జిరాక్సులు చూడలేదు. జీతమెంతని అడగలేదు. మీదే ఊరు, మీరేవిట్లు అని కూపీ లాగలేదు. ఇంత పెద్ద నగరంలో మనిషిని సరిగ్గా వెరిఫై చేసే వ్యవస్థ ఏదైనా ఉందంటే అది ఆ గోడ మీద తోక వేలాడేసుకుని కూర్చుని ఉందని ప్రజల దృష్టికి తీసుకురావడం నా బాధ్యత.

ముందే చెప్పాలి, ఇది దారి తప్పిన పెంపుడు పిల్లి కాదు. పుట్టుకతోనే వీధి పిల్లి. కూనగా ఉన్నప్పుడు, సుమారుగా రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలిగితే పిల్లికి మనమంటే బెరుకు పోతుంది. ఆ వారాలు దాటాక మనమంతా దాని లెక్కలో రెండు కాళ్ల కుక్కలం. మా పిల్లి గారికి ఆ అడ్మిషన్ల గడువు ఎప్పుడో అయిపోయింది. 'పుస్ పుస్' అంటే పక్కింటి కారు కింద దూరేది. లోకల్ భాషలో పిలిస్తే నయమేమోనని 'బా, బెక్కు' (రా, పిల్లీ) అన్నాను. అప్పుడూ కారు కిందే.

తెలుగువాడికి పిల్లి కనబడగానే చేతికొచ్చేది పాల గిన్నె. నేనూ పెట్టాను. మా ఆవిడ చక్కెర కూడా కలిపింది. అది వాసన చూసి వెళ్లిపోయింది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవనీ, తీపి రుచి అయితే పిల్లి నాలుకకు తెలియనే తెలియదనీ తర్వాత పశువుల డాక్టరు గారు చెప్పారు. అప్పుడు గుర్తొచ్చాడు తెనాలి రామకృష్ణుడు. రాయలవారు పిల్లినిచ్చి, దాని పాల కోసం ఆవునిస్తే, మొదటి రోజే మరిగే పాలు పెట్టి మూతి కాల్చాడు. ఆ తర్వాత గిన్నె చూస్తేనే పిల్లి పరుగు, పాలు మాత్రం ఆయన ఇంట్లోకి. ఆ కథకి మనం తరతరాలుగా నవ్వుతూనే ఉన్నాం. ఆ పిల్లి తరఫున ఇప్పటిదాకా ఒక్క పిటిషన్ కూడా పడలేదు.

పాలు కాదంటే ఇక కోడి. మా అగ్రిమెంటులో 'శాకాహారులకు మాత్రమే' అని ఒక షరతు, 'పెంపుడు జంతువులు నిషేధం' అని ఇంకొకటి. మాది ఒంగోలు. మొదటి షరతు మీద సంతకం పెట్టినప్పుడే నా చెయ్యి వణికింది. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఉప్పూ కారం వద్దు. కాబట్టి రోజూ ఉత్త నీళ్లలో ఉడికిన కోడి ముక్కలు. మనిషన్నవాడు తినలేని ఆ పదార్థం కోసం వంటింటి కిటికీ మూసి, గుప్పెడు అగరొత్తులు వెలిగించి, అప్పుడు కుక్కరు పెట్టేవాళ్లం. ఆ వాసనకి పై అంతస్తులో ఓనరు గారి భార్య మా భక్తికి ముచ్చటపడ్డారు. మనుషుల వైపు నమ్మకం ఇలా దినదినాభివృద్ధి చెందుతూ ఉంది.

పిల్లి వైపు లెక్క వేరు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట పళ్లెం పెట్టాలి. పెట్టి, 12 అడుగులు వెనక్కి వచ్చి, పక్కకు తిరిగి నేల మీద కూలబడాలి. ఓపికుంటే వారానికో జానెడు ముందుకు జరగాలి. నేను సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని గంట ఆలస్యంగా వస్తే ఆ పూట నాకు ఆబ్సెంటే. ట్రాఫిక్ అన్న కారణం ఆఫీసులో చెల్లుతుంది గానీ గోడ దగ్గర చెల్లలేదు.

అన్నిటికంటే ముఖ్యం, కళ్లలోకి చూడకూడదు. తేరిపార చూడటమంటే పిల్లుల్లో కయ్యానికి పిలవడం. కళ్లు సగం వాల్చి, నెమ్మదిగా మూసి, నెమ్మదిగా తెరవాలి. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఇది పరీక్షించి చూశారు. ఇలా చేసే మనిషికి పిల్లులు తిరిగి అలాగే జవాబిచ్చాయి. కొత్త మనిషైనా సరే, ఇలా కళ్లు వాల్చి చెయ్యి చాపితే మామూలు కంటే ఎక్కువగా దగ్గరికొచ్చాయి. మరి 'పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుంది' అని మనం వేసిన నింద మాటేమిటి? పాపం అది మర్యాద చేస్తుంటే మనం దొంగతనం కేసు రాశాం. సామెతల పుస్తకాలు అచ్చువేసేవాళ్లు వచ్చే ముద్రణలో సవరణ ప్రకటించాలి. (ఈ సాధన అలవాటైపోయి ఆఫీసు వీడియో మీటింగులో మా మేనేజరు మీద కూడా ప్రయోగించాను. 'రాత్రి నిద్ర లేదా?' అన్నారు. మనుషుల మీద పరిశోధన ఇంకా జరగాల్సి ఉంది.)

మూడో నెలలో తొందరపడి వీపు నిమరబోయాను. చేతి మీద నాలుగు గీతలు. సబ్బుతో పావుగంట కడుక్కుని, ఆస్పత్రికి పరుగెత్తి రేబీస్ టీకా. ఆ రోజు ఒకటి, ఆపైన 3, 7, 28వ రోజుల్లో. ఓనరుకి అడ్వాన్సు కూడా ఇన్ని వాయిదాల్లో కట్టలేదు.

వైష్ణవంలో మార్జాల కిశోర న్యాయమని ఒకటుంది. కోతి పిల్ల తల్లిని తనే పట్టుకుని వేలాడాలి. పిల్లి కూనకి ఆ శ్రమ లేదు, తల్లే నోట కరుచుకుని మోస్తుంది. దేవుడు భక్తుణ్ణి అలాగే మోస్తాడని వైష్ణవుల్లో తెంగలై శాఖ వారంటారు. పిల్లి దగ్గర నేను మాత్రం ఏడు నెలలూ కోతి పిల్లనే.

ఏడో నెలలో ఒక సాయంత్రం అది తోక నిటారుగా లేపి వచ్చి, నా పిక్కకి చెంప రాసి వెళ్లింది. కదలకుండా నిలబడ్డాను. కిటికీలోంచి మా ఆవిడ కూడా ఊపిరి బిగబట్టి చూసింది.

ఆ మరుసటి వారమే నేను తెనాలి రామకృష్ణుణ్ణయ్యాను. పిల్లికి తొమ్మిది వారాల్లో కాన్పు. సందులో ఇంకో అరడజను పుట్టకముందే పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించాలన్నారు డాక్టరు గారు. బోనులో కోడి ముక్కలు పెట్టాను. నన్ను చూసే లోపలికి వెళ్లింది. తలుపు పడింది. బోను మీద దుప్పటి కప్పుతుంటే అది చేసిన చప్పుడు ఇక్కడ రాయలేను. మళ్లీ పట్టుకోకుండా గుర్తుగా చెవి కొన కత్తిరించి తిరిగిచ్చారు. తలుపు తీయగానే కారు కిందకి. మళ్లీ 12 అడుగులు.

ఈలోగా 11 నెలల అగ్రిమెంటు అయిపోయింది. ఓనరు గారు అద్దె పెంచుతానన్నారు. మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. బెంగళూరులో ఏ టెనెంటూ చేయని పని కదా, ఆయనకి మొదటిసారి నా మీద అనుమానం వచ్చింది. కిందికి దిగి, పళ్లెం చూసి, గోడ చూసి, 'ఈ బెక్కు నిమ్మదా?' (ఈ పిల్లి మీదా?) అన్నారు.

అవునంటే అగ్రిమెంటు పోతుంది. కాదందామంటే, కొన తెగిన ఆ చెవి మా వైపే తిరిగి ఉంది. ఏం చెప్పాలో తోచక, ఓనరు గారి వైపు చూసి నెమ్మదిగా కళ్లు మూసి, నెమ్మదిగా తెరిచాను.