కథలో దేవతలుంటే మొదటి ఆజ్ఞ మీరినట్టేనా?

హన్మకొండ, కాజీపేట, జనగామ ప్రాంతాల క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. క్రైస్తవ రచయిత ఒక కల్పిత లోకాన్ని అల్లి, అందులో పలువురు దేవతలను పాత్రలుగా నిలిపితే అది విగ్రహారాధనతో సమానమనీ, అటువంటి ఫాంటసీలను రాయడం, చదవడం, సంఘ గ్రంథాలయంలో ఉంచడం మూడూ పాపమేననీ దాని సారాంశం. అందుకు ఐదు కారణాలు చూపారు. ఆ సందేశం రాసినవారి భక్తిని నేను శంకించడం లేదు. వారి వాదన మాత్రం, చివరి కారణంలో కొంత భాగం మినహా, నిలబడదు.

మొదటి కారణంగా నిర్గమకాండము 20వ అధ్యాయంలోని పది ఆజ్ఞల్లో మొదటిదాన్ని ఉదహరించారు: "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు." ఆ వెంటనే వచ్చే వచనాలు విగ్రహాన్ని చేసుకోవడాన్ని, దానికి సాగిలపడటాన్ని, దానిని పూజించడాన్ని నిషేధిస్తున్నాయి. నవలలోని రాజు ఒక కల్పిత దేవతకు మొక్కితే రచయిత మొక్కినట్టు ఎలా అవుతుంది? ఈ లెక్కన హత్యను వర్ణించిన ప్రతి కథకుడూ నరహత్య చేయకూడదన్న ఆజ్ఞను మీరినవాడే కావాలి.

రెండవ కారణం ఇంతకన్నా బలమైనది. అదే గ్రంథం 23వ అధ్యాయం 13వ వచనం ఇతర దేవతల పేరు కూడా ఉచ్చరించరాదంటుంది కనుక, కథలో వారిని ప్రస్తావించడమే తప్పన్నది వాదన. దీన్ని అక్షరాలా పాటించాలంటే మొట్టమొదట బైబిలునే మూసివేయాలి. సమూయేలు మొదటి గ్రంథం 5వ అధ్యాయంలో ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయుల పవిత్ర పెట్టె అయిన మందసాన్ని తెచ్చి తమ దేవుడు దాగోను గుడిలో పెడతారు. మరునాటి ఉదయానికి దాగోను బోర్లపడి ఉంటాడు, లేపి నిలబెడితే ఆ మరునాడు తల, చేతులు తెగి గడప మీద కనిపిస్తాయి. కర్మెలు పర్వతం మీద ప్రవక్త ఏలీయా బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మందిని ఎగతాళి చేస్తూ, మీ దేవుడు ధ్యానంలో ఉన్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో, ఒకవేళ నిద్రపోతున్నాడేమో, ఇంకా గట్టిగా కేకలు వేయండంటాడు. ఏలీయా దృష్టిలో లేనే లేని దేవుడికి ఆయనే ఒక దినచర్యను కల్పించాడు, కథకుడు పాత్రకు కల్పించినట్టే. ప్రవక్త నోట వచ్చినప్పుడు దోషం కాని పని నవలలో దోషమెందుకవుతుందో ఆ సందేశం చెప్పలేదు. నిర్గమకాండములోని ఆ వచనం మొక్కుగా, ప్రార్థనగా, ప్రమాణంగా పేరెత్తడాన్ని అడ్డుకుంటోందని యెహోషువ 23:7తో కలిపి చదివితే తెలుస్తుంది.

మూడవది, బైబిలులో కల్పనకు తావు లేదన్నది. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము గెరిజీము కొండ మీద నిలబడి, చెట్లు తమకొక రాజును ఎన్నుకోబోయిన కథ చెబుతాడు. అంతకుమించి జవాబు అవసరం లేదు.

నాల్గవది, గొప్ప క్రైస్తవ రచయితలెవరూ ఈ పని చేయలేదన్నది. కాథలిక్కు విశ్వాసి అయిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచన, ఆయన మరణానంతరం 1977లో వెలువడిన 'సిల్మరిలియన్'లో సృష్టికర్త ఒక్కడే. ఆయన కింద లోకాన్ని తీర్చిదిద్దే వాలార్లను మాత్రం మనుషులు దేవతలంటారు. మన భాషలోనే చూస్తే, క్రైస్తవ కుటుంబంలో పెరిగి, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి గుర్రం జాషువా కావ్యం 'గబ్బిలం'లో ఒక అస్పృశ్యుడు తన గోడును కాశీలోని శివుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. పూజారి లేని వేళ చూసి చెప్పమంటాడు. అది ఫాంటసీ కాకపోవచ్చు గానీ, ఆ కావ్యంలో శివుడు లేకుంటే ఫిర్యాదు వినే చెవి లేదు. దాన్ని చదివి జాషువా శివారాధన ప్రచారం చేశాడన్న పాఠకుడిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక ఐదవది: మన చుట్టూ బహుదేవతారాధన ఉంది కనుక ఇటువంటి పుస్తకం కొత్త విశ్వాసికి అడ్డురాయి అవుతుంది. ఇందులో నిజముంది. నిన్నటివరకు మేడారం గద్దెల వద్ద బెల్లం బంగారం సమర్పించినవారికి, ఐనవోలు మల్లన్నకు పట్నం వేయించిన ఇంటినుంచి వచ్చినవారికి అటువంటి కథ మనసు కలచవచ్చు. కానీ విగ్రహాలకు అర్పించిన మాంసం విషయంలో కొరింథీయులకు రాస్తూ పౌలు బలహీనుడైన సహోదరుని కోసం నిగ్రహం పాటించమన్నాడే గాని, తినడమే అందరికీ పాపమని శాసించలేదు. పిల్లలు చెడిపోతారన్న భయం ఇంకా తేలికైనది. ఓరుగల్లు పిల్లవాడికి అనేకమంది దేవతలున్నారన్న సంగతి నవల ద్వారా తెలియాల్సిన అవసరమేముంది?

అయితే ఆ సందేశం లేవనెత్తని ప్రశ్న ఒకటుంది. ఇటీవల ఒక యువ రచయిత్రి తన నవల వ్రాతప్రతిని నాకు చదవడానికిచ్చింది. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల వంటి లోకం. ప్రతి చెరువుకూ ఒక దేవత. కింది ఆయకట్టు వారు తొలిపంట ముట్టజెప్పనిదే పై చెరువు దేవత మత్తడి దుంకనివ్వదు. కరువు వచ్చి అన్ని చెరువులూ నెర్రెలు బారాక ఆ దేవతలందరూ కట్ట మీదికెక్కి, రైతుల పక్కనే నిలబడి, ఆకాశం వైపు చూస్తారు. వాన వారి చేతిలో లేదు. జనముల వ్యర్థదేవతలలో వర్షం కురిపించగలవారున్నారా అన్న ప్రవక్త యిర్మీయా ప్రశ్నను ఇంత బాగా వినిపించిన ప్రసంగం నేను ఈ మధ్య వినలేదు.

నా అభ్యంతరం మరొకచోట ఉంది. ఆ దేవతల్లో అత్యాశాపరురాలైన ఒకామెకు రచయిత్రి కట్ట మీద పసుపు పూసిన రాయి, చుట్టూ వేపమండలు పెట్టింది. ఇక్కడివారెవరికైనా ఆమె చెరువు కట్టను కాచే గ్రామదేవత కట్టమైసమ్మేనని తోస్తుంది. పక్కింటివారు బోనమెత్తే దేవతను మారుపేరుతో దురాశాపరురాలిగా చూపడం మొదటి ఆజ్ఞకు సంబంధించిన దోషం కాదు. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకడానికి దగ్గరి దోషం. ఈ మాట చెప్పినప్పుడు రచయిత్రి పసుపును, వేపమండలను తీసేయడానికి ఒప్పుకుంది. రాయిని మాత్రం ఉంచుతానంది. కట్ట మీద రాయి లేని చెరువును ఈ ప్రాంతంలో ఎవరు నమ్ముతారన్నది ఆమె వాదన, దాని మీద మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.