గ్రూప్ డిస్కషన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గ్రూప్ డిస్కషన్ గారికి,

మీరు ఏరి పంపిన ఇంజనీర్లతో రోజూ పని చేయించుకోవలసిన ఒక టీమ్ లీడ్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రాజెక్టు మాత్రం అంత క్షేమంగా లేదు.

'నాయకత్వ లక్షణాలు గల ఇంజనీర్లు కావలెను' అని ప్రకటన వేయడం కంపెనీ వంతు. అవి ఎవరిలో ఉన్నాయో పావుగంటలో తేల్చేయడం తమరి వంతు. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి 'కృత్రిమ మేధ వరమా, శాపమా' అని ఒక ముక్క వదులుతారు. ముందు గొంతు విప్పినవాడికి చొరవ కింద మార్కులు. పక్కవాడి మాట మధ్యలో తుంచినవాడికి ఆత్మవిశ్వాసం కింద. అందరూ చెప్పిందే పోగుచేసి చివర్లో తన మాటగా అప్పజెప్పినవాడికి దూరదృష్టి కింద. నిండుకుండ తొణకదని పెద్దలన్నారు గానీ, తమరి దగ్గర తొణకని కుండలన్నీ ఖాళీ కుండల లెక్కలోకే పోతాయి.

తమరిది గొప్ప వంశమే, కాదనను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి అధికారులు చాలక 1942లో ఎంపిక బోర్డులు పెట్టారు. విల్‌ఫ్రెడ్ బయన్ అనే మానసిక వైద్యుడు, నాయకుడంటూ లేని గుంపుకు ఏదో ఒక పని అప్పగించి పక్కన నిలబడి చూసే పద్ధతి తెచ్చాడు. ఆయన వెతికింది గొంతు పెద్దవాణ్ణి కాదు. తానూ నెగ్గాలి, తోటివాళ్లనూ కలుపుకుపోవాలి. ఈ రెంటి మధ్య ఇరుక్కున్నప్పుడు మనిషి ఎటు మొగ్గుతాడో చూశాడు. తమరి తరానికి వచ్చేసరికి పని కాస్తా జారిపోయి, మాట ఒక్కటే ఆస్తిగా మిగిలింది. ఎక్కువసేపు మాట్లాడినవాణ్ణే గుంపు నాయకుడనుకుంటుందని పరిశోధకులు ఎప్పుడో గమనించి, దానికి వాగుడు పరికల్పన అని పేరు కూడా పెట్టారు. ఇది తమరి మీద కేసు. తమరేమో ప్రశంసాపత్రమనుకుని ఫ్రేము కట్టించుకున్నట్టున్నారు.

ఒక్క ఇంజనీరు సంగతి మనవి చేస్తాను. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రయోగానికి ముందు, దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీలోని రోజర్ బోయిజోలీ, ఆయన తోటి ఇంజనీర్లు ఫోన్ సమావేశంలో మొత్తుకున్నారు: ఇంత చలిలో బూస్టర్ల కీళ్లలోని రబ్బరు రింగులు సరిగా పనిచేస్తాయన్న నమ్మకం లేదు, వాయిదా వేయండి అని. కంపెనీ పెద్దలు కాసేపు విడిగా కూర్చున్నారు. ఇంజనీరింగ్ ఉపాధ్యక్షుడితో 'ఇంజనీరు టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో' అన్నారు. ఆయన పెట్టుకున్నాడు. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది, అందులోని ఏడుగురూ పోయారు. ఇప్పుడు చెప్పండి, ఆ బోయిజోలీ తమరి గుండ్రటి బల్ల దగ్గర కూర్చుని ఉంటే తమరి కాగితం మీద ఏం పడేది? 'ప్రతికూల ధోరణి. ఏకాభిప్రాయానికి అడ్డం.' టోపీ మార్చమన్నవాడికి మాత్రం ఆఫర్ లెటర్.

తమరి తమ్ముడు రెజ్యూమె గారి సంగతి ఎత్తను. ఒకే కాలేజీ, ఒకే క్లబ్బు, అయిదుగురు అధ్యక్షులు.

పిల్లలకు నాయకత్వం నేర్పేవాళ్లు లేక కాదు. ఎంఐటీలో బెర్నార్డ్ గార్డన్ పేరు మీద ఇంజనీరింగ్ నాయకత్వానికి ప్రత్యేక శిక్షణే ఉంది. అమెరికాలో ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ ప్రమాణాల్లో, జట్టులోని వాళ్లంతా కలిసి నాయకత్వం వహించడమని స్పష్టంగా రాసుంది. అంతా కలిసి! అలా నేర్చుకున్న పిల్ల తమరి గదికి వస్తే, మాట దొరకని మరొకరికి తన వంతు ఇచ్చి, మొదటి రౌండులోనే ఇంటికి పోతుంది.

మరి వాళ్లను పట్టుకునేదెలా అంటారా? ఫైనలియర్ ప్రాజెక్టు ఎక్కడ ఆగిపోయిందో, అప్పుడు ఎవరు ఏమన్నారో, దేన్ని వదులుకున్నారో అడగండి. అందరినీ అవే ప్రశ్నలు అడగండి, ముందే రాసిపెట్టుకున్న కొలతతోనే మార్కులు వేయండి. ఎంపిక పద్ధతుల మీద 85 ఏళ్ల పరిశోధనను ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లో గుదిగుచ్చితే, ఇలాంటి పద్ధతైన ఇంటర్వ్యూలూ, చేయించి చూసే పరీక్షలూ పిచ్చాపాటీ ఇంటర్వ్యూల కన్నా మెరుగని తేలింది. 2022లో మరికొందరు ఆ లెక్కలన్నీ తిరగదోడినా, పద్ధతైన ఇంటర్వ్యూ పైవరసలోనే నిలిచింది. నలుగురికి సగం పాడైన కోడో, సగం గీసిన డ్రాయింగో ఇచ్చి ఒక పూట వదిలేయండి. గడువు మధ్యలో షరతు ఒకటి మార్చండి. కంగారుపడ్డవాణ్ణి ఎవరు పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టారో చూడండి. తీరిక ఉంటే ఇంటర్న్‌షిప్పుల్లో నెలల తరబడి చూడవచ్చు. కొన్నాళ్లు చదువు, కొన్నాళ్లు కొలువు అనే పద్ధతిని సిన్సినాటి విశ్వవిద్యాలయం 1906లోనే మొదలుపెట్టింది, మన హెచ్ఆర్ వాళ్లకు కబురు అందడమే ఆలస్యం.

ఇదంతా ఖర్చని తమరు దీర్ఘం తీస్తారని తెలుసు. తమరు పంపినవాళ్లు మొన్న సర్వర్ పడిపోయినప్పుడు, అది ఎందుకు పడిపోయిందన్న దాని మీద చక్కగా చర్చించారు. పక్షాలు, ప్రతిపక్షాలు, ముగింపు ప్రసంగం అన్నీ ఉన్నాయి. సర్వర్ లేపినది మాత్రం తమరు రెండుసార్లు తిప్పి పంపిన అమ్మాయి. ఇప్పుడు మా దగ్గర కాంట్రాక్టు మీద ఉంది.

ఇట్లు,
తమరు పంపిన నలుగురు నాయకుల కింద పనిచేయడానికి ఒక్క ఇంజనీరు కోసం వెతుకుతున్న
టీమ్ లీడ్