ఉసిళ్లు తుఫాను కబురు చెప్పవు

ఉసిళ్ల మీద, అంటే పుట్టల్లోంచి లేచే రెక్కల చెదపురుగుల మీద, ఈ వారంలో ఐదుగురు ఒకటే మెసేజ్ పంపారు. "ఉసిళ్లు లేస్తే మూడు రోజుల్లో తుఫాను. లేవకపోతే భయం లేదు, వేటకు వెళ్లొచ్చు. ఉసిళ్లు విషం, ముట్టుకోవద్దు. పుట్టలో కిరోసిన్ పోస్తే చెదల బెడద పోతుంది. పదిమందికి పంపండి." నాలుగుసార్లు చూసి ఊరుకున్నాను. ఐదోసారి బారువ నుంచి మా మావయ్య పంపాడు. ఆయన రోజూ పడవ మీద వేటకు వెళ్లే మనిషి. ఇక ఊరుకోలేకపోయాను.

విషమా? దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి ఉసిళ్లు పట్టి, చాటలో రెక్కలు చెరిగి, వేయించుకొని తిన్నవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను అడగండి.

కిరోసిన్ అసలే వద్దు. పైన పోసింది లోతున ఉండే రాణి దాకా పోదు. పక్కన దీపం ఉంటే మాత్రం ఇల్లే అంటుకుంటుంది.

ఇక తుఫాను సంగతి. రెక్కలొచ్చిన ఉసిళ్లు పుట్టలోనే వాన కోసం కాచుకుని ఉంటాయి. తొలకరికి మంచి వాన పడి, గాలి ఆగి, ఉక్కపోసే సాయంత్రం వెలుతురు తగ్గే వేళకు బయటికి లేస్తాయి. చుట్టుపక్కల పుట్టలన్నీ ఒకేసారి లేస్తాయి కాబట్టి వేరే పుట్ట జత దొరుకుతుంది, కప్పలూ బల్లులూ కాకులూ ఎన్ని తిన్నా కొన్ని మిగులుతాయి. నేల మీద వాలాక రెక్కలు రాల్చి, జతగా మట్టి తవ్వుకుని లోపలికి పోవాలి. ఎండిన నేలను అవి తవ్వలేవు. నాగలి కట్టే రైతులాగే వాటికీ పదును కావాలి. అంటే అవి లేచేది కురిసిన వానకు. ఏటా జూన్‌లో మన కళ్ల ముందే లేస్తున్నాయి. ఏటా జూన్‌లో తుఫాను వస్తోందా? హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చింది.

నాకు కడుపు మండేది "లేవకపోతే వేటకు వెళ్లొచ్చు" అన్న మాటకు. ఉసిళ్లది బలంలేని ఎగురుడు. గాలి గట్టిగా ఉంటే పుట్ట దాటి రావు. తుఫాను దగ్గరపడే సాయంత్రం ఉండేదే ఈదురుగాలి. సరిగ్గా ఆ సాయంత్రమే ఒక్క ఉసిలీ కనబడదు, సరిగ్గా ఆ సాయంత్రమే ఈ మెసేజ్ మనిషిని సముద్రం మీదికి పొమ్మంటుంది! తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది తెల్లవారుజామున. ముందు రోజు సాయంత్రం ఉసిళ్లు లేవలేదని పడవ దించిన వాడి గతి ఏమిటి? ఇది రాసిన మనిషి ఎప్పుడైనా పడవ ఎక్కాడా? తన కొడుకును ఈ మాట నమ్మి పంపుతాడా? విశాఖలో తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది, కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. వినాల్సింది వాటి మాట.

ఒకటి ఒప్పుకోవాలి. "ఉసిళ్లు లేచాయి, మళ్లీ వానొస్తాది" అని మా నాయనమ్మ అంటే చిన్నప్పుడు వాదించేవాణ్ణి. చాలాసార్లు ఆమె మాటే నిజమైంది. ఉసిళ్లను లేపే ఆ తేమ, ఆ ఉక్క మర్నాటి వానకూ పనికొస్తాయి. కానీ ఆమె ఆ మాట చెప్పి విత్తనాలు సర్దుకుంది, ఎవరినీ సముద్రం మీదికి పంపలేదు.

మావయ్యకు ఫోన్ చేశాను. "మరి లేవకపోతే ఏటిరా అర్థం?" అన్నాడు. గాలి ఉందనో, నేల తడవలేదనో, ఈ ఏడాదికి వాటి పని అయిపోయిందనో అన్నాను. ఆయన మెసేజ్ తీసేశాడు. మిగతా నలుగురూ మీ ఫోన్‌లో తీసేస్తే చాలదు, ఏ తీరం ఊళ్ల గ్రూపులకు పంపారో అక్కడ కూడా తప్పని చెప్పండి.